పిట్టల సాళ్ళు

ఈ పొద్దున సత్తెనపల్లిలో బడికి పోయే బస్సెక్కేసరికి నా సీటు కిందే ఎవరో పురుగుమందు డబ్బాల గోతాం పెట్టారు. మూత సరిగా బిగించలేదేమో, కుళ్ళిన వెల్లుల్లి లాంటి ఆ వాసన బస్సంతా పట్టేసింది. పక్కనున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కండక్టర్ని తిడుతూ ఉంది. నేను తిట్టలేదు. అది నాకు మా నాన్న చొక్కా వాసన. ఇన్నేళ్ళయినా అది ముక్కుకు తగిలిందంటే మా రెండెకరాల నల్లరేగడి చేను కళ్ళ ముందు నిలుస్తుంది.

అంతకుముందు ఆ చేనుకు వేరే వాసనలుండేవి. తొలకరికి నేల తడిసి మట్టి వాసన లేస్తే చాలు, గట్ల మీద ఎర్రటి మఖమల్ ముక్కల్లాగా ఆరుద్ర పురుగులు బయటికొచ్చేవి. వాటిని అగ్గిపెట్టెలో మట్టి పోసి దాచుకుని, బళ్ళో బల్ల కింద తెరిచి తెరిచి చూసుకుని, సాయంత్రానికి మళ్ళీ చేలో వదిలిపెట్టకపోతే నాయనమ్మ ఊరుకునేది కాదు. పొడుగాటి మనిషి, అంతకంటే పొడుగు నోరు. పత్తి గింజ పెట్టే రోజున ఆవిడ కొంగులో జొన్నలు మూటగట్టుకుని చేను చుట్టూ నాలుగు గట్ల వెంబడి తన చేత్తోనే రెండేసి సాళ్ళు జొన్న వేసేది. మధ్యమధ్య ఆముదం గింజలు, ఇంటి దగ్గర పోసిన బంతి నారు పెట్టేది. వాటిని మా ఇంట్లో పిట్టల సాళ్ళు అనేవాళ్ళం. ఆ కంకులు కొయ్యడానికి లేదు. పాలుపోసుకున్నప్పుడు మాత్రం మా పిల్లలకు నాలుగు కంకులు విరిచిచ్చేది. గట్టు మీదే మంటేసి కాల్చి, అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది, బెల్లం ముక్క నంజుకుంటూ ఆ ఊచబియ్యం తింటుంటే మూతులు నల్లగా అయ్యేవి. మిగతా కంకులన్నీ పిచ్చుకలకీ గోరింకలకీ తోక చీలిన నల్ల ఏట్రింతలకీ.

"కంకి మీద కూర్చున్న పిట్ట కంకే తింటుందా, కింద పురుగును చూడదా?" అనేది నాయనమ్మ. ఆవిడకు అక్షరం ముక్క రాదు. ఇవాళ నేను ఎనిమిదో తరగతికి బాణం గుర్తులు గీసి చెప్పే ఆహారపు గొలుసు పాఠమంతా ఆ ఒక్క మాటలో ఉంది. నాకు తెలిసి రావడానికి బీయెస్సీ దాకా పట్టింది, అదీ నా తెలివి.

అట్లతద్దె నాడు తెల్లవారకముందే గోంగూర పచ్చడీ పెరుగూ వేసుకుని చద్దన్నం తిని, వేపచెట్టుకు కట్టిన ఉయ్యాల తనివితీరా ఊగి, ఎండెక్కాక ఆడపిల్లలమంతా పత్తి చేలోకి పడేవాళ్ళం. ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగును గోరింటాకు పెట్టుకున్న వేలి మీదకు ఎక్కించుకునే ఆట మాది. అది గోటి చివరిదాకా నడిచి, రెక్క విప్పి ఎటు ఎగిరితే అటు అత్తగారి ఊరు. నాది ఎప్పుడూ గుంటూరు వైపే ఎగిరేది, నేనే చెయ్యి అటు తిప్పేదాన్ని.

నాన్న చెడ్డవాడేం కాదు. పక్క చేలవాళ్ళు జొన్న తీసేసి గట్టు దాకా పత్తి పెట్టారు, కొత్త మందులు కొట్టారు, మొదటేడు వాళ్ళ చేలు చూసి నాన్నకు కన్ను కుట్టింది. మరుసటేడు పిట్టల సాళ్ళు వద్దన్నాడు.

"ఒరేయ్ శేషయ్యా, వాటి నోటికాడ కూడు లాగుతావంట్రా?" అంది నాయనమ్మ.

"చేను పండనీ అమ్మా, నీకు బస్తా జొన్నలు కొనిపెడతా. డాబా మీద చల్లుకుందువు గాని."

నాన్న గట్టు దాకా పత్తే పెట్టాడు. నాకప్పుడు పదేళ్ళు. దసరా సెలవుల్లో నా చేతికి కిరసనాయిలు పోసిన డబ్బా ఇచ్చి, ఆకుల మీద కనపడ్డ పురుగునల్లా ఏరి అందులో వెయ్యమన్నాడు. కాయ తొలిచే పచ్చ పురుగు లోపలుంటుంది, నాకెక్కడ దొరుకుతుంది? దొరికినవి బూడిద రంగు ఒంటి మీద నారింజ మచ్చలూ ముళ్ళూ ఉన్న బుల్లి పురుగులు. చూస్తేనే దడుపు పుట్టేట్టు ఉన్నాయి. చేను పాడుచేసేవి ఇవేనని పంతం పట్టి, ఉన్న పదిరోజులూ చెట్టు చెట్టూ వెతికి ఏరాను. డబ్బా చూసి నాన్న నా తల నిమిరాడు. "నా కూతురు పదిమంది కూలోళ్ళ పెట్టు" అన్నాడు. ఆ మాటకు ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

నాయనమ్మ డబ్బా గట్టు మీద కుమ్మరించి పుల్లతో కదిపి చూసింది.

"ఇవి అక్షింతల పురుగు పిల్లలే, మొద్దుమొహమా. ఆకు రసం పీల్చే పేనుబంకను తినేది ఇవే."

నేను నమ్మలేదు. అంత ముద్దొచ్చే పురుగుకు ఇంత వికారపు పిల్లలా అనుకున్నాను. నాన్న అసలు వినిపించుకోలేదు. "మందుండగా వీటితో పనేంటమ్మా" అన్నాడు.

వారం తిరక్కుండా ఆకు అడుగునంతా పేనుబంక పట్టి చేను జిగురోడింది. మందు కొట్టాడు. ఆకుల మధ్య గూళ్ళల్లిన సాలీళ్ళు చచ్చాయి, కందిరీగలు చచ్చాయి, పేనుబంక కొన్నాళ్ళు తగ్గి, దాని వెనకే తెల్లదోమ దిగింది. కొమ్మ కదిపితే పిండి ఎగిరినట్టు లేచేది. ఆకులు మసిబారాయి. ఒక మందు పనిచెయ్యకపోతే రెండు, రెండూ పనిచెయ్యకపోతే మూడు కలిపి కొట్టమని ఊళ్ళో ఒకరికొకరు చెప్పుకున్నారు. మా వైపు అప్పట్లో డ్రమ్ములో మందు కలపడానికి కర్ర కూడా వాడేవాళ్ళు కాదు, మోచేతి దాకా చెయ్యి పెట్టి తిప్పేవాళ్ళు. నాన్న కూడా అట్లాగే తిప్పాడు. తడిసిన చొక్కాతో మధ్యాహ్నం దాకా కొట్టి, సాళ్ళ మధ్యే నురగ కక్కుతూ పడిపోయాడు.

గుంటూరు ఆసుపత్రి నుంచి ప్రాణంతోనే వచ్చాడు, చేతులు మాత్రం వణుకుతూ వచ్చాయి. అన్నం ముద్ద నోటిదాకా పోయేలోపు సగం కంచంలోనే రాలేది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరంతా అన్నారు, వాళ్ళూ కొట్టినవాళ్ళే. నాయనమ్మ మాత్రం నేను చెప్పానా అని ఒక్కసారి కూడా అనలేదు. నలభై ఏళ్ళ కొడుక్కి ముద్దలు కలిపి పెట్టింది. నేనేరిన డబ్బా సంగతి కూడా ఎప్పుడూ ఎత్తలేదు, ఎత్తి నాలుగు తిడితే బాగుండేది.

మరుసటేడు చేను కౌలుకిచ్చాం. గింజ పెట్టే రోజున నాయనమ్మ అలవాటు కొద్దీ కొంగులో జొన్నలు కట్టుకుని వెళ్ళింది. "గట్టు దాకా నాదే కదా పిన్నీ" అన్నాడు కౌలుకు తీసుకున్నాయన. ఆవిడ ముడి విప్పకుండానే ఇంటికొచ్చింది.

బస్సు దిగేటప్పుడు ఆ గోతాం మనిషి కూడా నాతోనే దిగాడు. చేను చుట్టూ జొన్న వేస్తారా అండీ అని అడిగాను.

"పిట్టలే లేవు కదమ్మా, ఎవరికోసం వెయ్యాలి?" అన్నాడు. మామూలుగానే అన్నాడు. గోతాం భుజానికెత్తుకుని పోయాడు.

మధ్యాహ్నం పిల్లల్ని బడి వెనక మిరప చేలోకి తీసుకెళ్ళాను. పుస్తకంలో ఉన్న మిత్రపురుగుల్ని కళ్ళతో చూపిద్దామని ఆశ. గంటసేపు ఆకులు తిరగేశాం. సాలీడు లేదు, అక్షింతల పురుగు లేదు, మందు మరకలున్నాయి. అందరికంటే ముందు వంగి వెతికిన పిల్ల ఒకతి చేతులు దులుపుకుంటూ అడిగింది.

"టీచర్, అక్షింతల పురుగు పిల్లల్ని మీరెప్పుడన్నా చూశారా?"

చూశానన్నాను. డబ్బాడు చూశానని చెప్పలేదు.