నా ఫోన్లో కండల వీడియోలు

ఈ రోజు కృష్ణదేవిపేట వెళ్దామని షేర్ ఆటో ఎక్కి ఫోన్ తెరిచాను. ఎప్పటిలాగే కండలు తిరిగిన కుర్రాళ్ళు బరువులెత్తుతూ కనిపించారు. పక్కనే కూర్చున్న మా వీధి నూకాలమ్మ తొంగి చూసింది.

"ఏటొదినా, ఈ వయసులో నీకిదేం పిచ్చి? ఇలా తే, బేగి భక్తిపాటలొచ్చీలా సేసేత్తాను."

ఆటో అంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఫోన్ మాత్రం ఇవ్వలేదు.

"వద్దొదినా. మా కుర్రోడు శీను నా ఫోన్లో ఇయ్యే సూసీవోడు. ఆడు పోయి ఏడాదైంది. నేను సూడ్డం మానేత్తే ఇయ్యి కూడా రావంట."

నూకాలమ్మ దగ్గరికి జరిగి, "సర్లే, పెట్టు, ఇద్దరం సూద్దాం" అంది. దిగేలోపు ఎవడు సరిగ్గా ఎత్తుతున్నాడో, ఎవడు దొంగో కూడా చెప్పేసింది.

కండలు పెరగాలంటే ఏం తినాలో మీలో ఎవరికైనా కావాలంటే నన్నడగండి. అన్నీ నేర్చేసుకున్నాను, తినేవాడే లేడు.