నదికి చేరని నాణేలు

2022. వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. కోల్‌కతాకు కొన్ని గంటల రైలు దూరంలో ఉన్న మా రైల్వే ఊళ్ళో, మలంచా రోడ్డులో నాది చిన్న కంప్యూటర్ దుకాణం. పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు దరఖాస్తులు, పెళ్ళి పత్రికలు, ఒకటేమిటి, కీబోర్డుతో అయ్యే పని ఏదైనా చేస్తాను. గడులు గీసి నింపడమంటే నాకు మహా ఇష్టం. ఖాళీ గడి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మా ఆయన దాన్ని జబ్బు అంటారు.

ఒక మధ్యాహ్నం నూకరాజు బాబాయ్ పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మా నాన్న రైల్వే ఆఫీసులో ఉన్నప్పటి నుంచి తెలిసిన మనిషి, కీమాన్‌గా చేసి రిటైరయ్యాడు. కీమాన్ అంటే రోజూ తన వంతు పట్టాల వెంట నడుస్తూ, వదులైన బిగింపుల్ని సుత్తితో సరిచేసేవాడు. బాబాయ్ వంతులో కాసాయి నది వంతెన ఉండేది. డబ్బా నిండా నాణేలే.

"తల్లీ, ఈటన్నిటినీ కంప్యూటర్లో ఎక్కించాల. ఒక్కోదానికి బొమ్మ, ఏ సంవత్సరందో, అన్నీ ఉండాల. ఆదివారం లోపల అయిపోవాల."

"అమ్మేస్తున్నావా బాబాయ్?"

"అమ్మడమేటి! ఏట్లో ఒగ్గేస్తాను."

రైలు వంతెన ఎక్కగానే జనం దణ్ణం పెట్టి నదిలోకి నాణెం విసురుతారు కదా. అందులో చాలా వరకు నీళ్ళకు చేరవట. గర్డర్‌కు, అంటే వంతెన ఇనుప దూలానికి తగిలి అక్కడే ఉండిపోతాయి. తోటివాళ్ళు దొరికినవాటితో టీ తాగేవారు. బాబాయ్ మాత్రం దాచుకున్నాడు. అవే ఆయన సరదా, ఆయన గొప్ప. ఇప్పుడు పైడమ్మ పిన్నికి గుండె ఆపరేషన్ పడింది. సోమవారం కోల్‌కతాలో చేర్చాలి. డాక్టరు ఇంక ఆగడానికి లేదన్నాడు. పిన్నేమో ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ కాగితం మీద వేలిముద్ర వెయ్యనని మొండికేసింది.

"ఏటికిచ్చిన సొమ్ము ఇంట్లో ఎట్టుకోని నాను కత్తి కింద తొంగోనంతాది. ఇన్నేళ్ళు నోరెత్తనేదు, ఇప్పుడా సెప్పడం?" అని బాబాయ్ కాసేపు గయ్యిమన్నాడు. తర్వాత గొంతు తగ్గింది. "అది బతికితే సాలు. కానీ ఇయ్యి ఎలాగుండీవో మరిసిపోతానేమోనని బెంగ."

ఎక్సెల్‌లో పట్టిక గీశాను. వరుస సంఖ్య, విలువ, సంవత్సరం, లోహం, బరువు, టంకశాల. ఖరిదా బజారులో తెలిసిన బంగారం కొట్టు నుంచి చిన్న త్రాసు అరువు తెచ్చాను. స్కానర్ మీద నాణేన్ని రెండు వైపులా పెట్టి బొమ్మ తీయడం, పట్టికలో అతికించడం. నాణెం మీద సంవత్సరం కింద చిన్న గుర్తు ఉంటుంది, దాన్ని మింట్ మార్క్ అంటారు. నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రం ఆకారం ఉంటే ముంబై. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. తామరపువ్వు ఇరవై పైసలు, నలుపలకల ఐదు పైసలు, చక్రం కింద నలిగి రేకైపోయిన పావలా, ఒక్కొక్కటీ ఎక్కడ దొరికిందో బాబాయ్ చెబుతూనే ఉన్నాడు. చివరికి నాకూ సరదా పుట్టింది.

అడుగున పసుపు గుడ్డ ముడి ఒకటి మిగిలింది. ఎవరో మొక్కుకుని కట్టిన ముడుపు. గుడ్డ రంగు వెలిసింది గానీ ముడి వదల్లేదు. నేను విప్పబోయాను.

"ఆగు! ఇప్పకు."

"విప్పకపోతే ఏం రాయను బాబాయ్? విలువ లేదు, సంవత్సరం లేదు."

"బొమ్మ తియ్యి. మిగతాది ఒగ్గీ."

నాకు చిరాకేసింది. పట్టికంతా ముత్యాల్లా వచ్చింది, ఈ ఒక్క వరుస దగ్గర అన్నీ ఖాళీలా? గుడ్డ మీంచే వేళ్ళతో తడిమాను. అలలు అలలుగా అంచు తగిలింది. "పది పైసలు బాబాయ్! అంచు తెలిసిపోతోంది. రాసేస్తాను."

"నాకు తెల్దనుకున్నావేటి? దొరికిన్రోజే తెలుసు. కట్టినోళ్ళు ఏటికి తప్ప ఇంకొకరికి సెప్పనేదు. మనం రాసీడమేటి?"

ఆ గడులు అలాగే వదిలేశాను. అంత తేలిగ్గా ఏమీ వదల్లేదు. దుకాణం మూసేముందు మరోసారి తెరిచి చూసుకున్నాను.

ఆదివారం వాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను. రైలెక్కి కిటికీలోంచి విసరాలని పిన్ని కోరిక. బాబాయ్ ఒప్పుకోలేదు. "మళ్ళీ గర్డర్ మీదే పడతాయి, ఇంకో కీమాన్ ఏరుకుంతాడు," అన్నాడు. ఆటోలో వంతెన కింద ఏటి ఒడ్డుకే వెళ్ళాం. మేము దిగుతుండగా పైన రైలు పోయింది. ఇనుము మీద ఠంగుమని చిన్న చప్పుడు.

బాబాయ్ తలెత్తాడు. "సూసినావా, అదీ పడనేదు."

"నీ కళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి," అని పిన్ని నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చి రాయి మీద కూర్చుంది. ఆ ఆయాసం చూశాక బాబాయ్ ఇంక ఆలస్యం చెయ్యలేదు. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి గుప్పెళ్ళతో వదిలాడు. తామరపువ్వు నాణేన్ని మాత్రం రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. పసుపు ముడిని పిన్ని చేత వదిలించాడు. ఆమె చెయ్యి కడుక్కుని, "పద, ఎక్కడ వేలెయ్యాలో సూపించు," అంది.

ఆపరేషన్ బాగా జరిగింది. చలికాలంలో ఇద్దరూ దుకాణానికి వచ్చారు. పిన్నికి ఆ పట్టిక చూపించమన్నాడు బాబాయ్. నేను ఒక్కో బొమ్మా పెద్దది చేస్తుంటే, ఇన్నాళ్ళూ ఆ డబ్బాను ముట్టుకోని మనిషి కళ్ళద్దాలు సర్దుకుని మరీ చూసింది. చివరి వరుస దగ్గర ఆపమంది.

"ఇందులో ఏటున్నాదే?"

బాబాయ్ నా వైపు చూశాడు.

"తెలీదు పిన్నీ," అన్నాను.

ఆమె తెరకు చేతులు జోడించింది. "ఎవరిదో పాపం. ఏటికి సేరింది గదా, ఇంక తీరతాది."

గడులు నింపడం ఇప్పటికీ నా తిండి. కానీ ఎవరైనా దరఖాస్తులో ఒక గడి ఖాళీగా వదిలేస్తే, ఇదేమిటి నింపలేదని ఇప్పుడు గద్దించను. ముందు వాళ్ళ ముఖం చూస్తాను.