తాళాలక్క తోడికోడలు

కంటి ఆసుపత్రిలో ఆమెను అందరూ తాళాలక్క అనేవారు. రిసెప్షన్ నుంచి మందుల కౌంటర్ దాకా ఏ కంప్యూటర్‌కి ఏ పాస్‌వర్డో ఆమెకు కంఠతా వచ్చు. ఎవరు మర్చిపోయినా వచ్చి ఆమె గది గుమ్మంలో నిలబడాల్సిందే. పెద్ద డాక్టరైనా సరే, కాసేపు నిలబెట్టిగానీ చెప్పేది కాదు. అదొక సుఖం ఆవిడకి.

ఆ సుఖానికి గండి కొట్టింది సొంత తోడికోడలే. మరిది పెళ్ళాం అదే ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరి, మూలగదిలో ఒక సర్వర్ పెట్టి, కంప్యూటర్లన్నిటినీ దానికి కలిపేసింది. ఇక మనిషికి ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. ఎక్కడ కూర్చున్నా ఆ కంప్యూటర్ సర్వర్‌ని అడిగి, ఫలానా మనిషేనని తేల్చుకుని లోపలికి రానిస్తుంది. ఎవరైనా మర్చిపోతే చిన్నామె తన సీట్లోంచే, అదీ నవ్వుతూ, మార్చి ఇచ్చేది. తాళాలక్క గుమ్మం బోసిపోయింది. ఇంట్లో అత్తగారు కూడా చిన్నకోడలి తెలివిని పొగుడుతుంటే పెద్దామెకు ఒళ్ళు మండిపోయేది. ఆ సర్వర్ ఎప్పుడు కూలబడుతుందా అని కాచుక్కూచుంది.

ఒక ఉదయం పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా పెద్దామె కంప్యూటర్ లోపలికి రానివ్వలేదు. తాళాలక్కకు ప్రాణం లేచొచ్చింది. సూపరింటెండెంటును పిలిచింది, నర్సుల్నీ పిలిచింది, కొత్త ఏర్పాటు నిర్వాకం చూడమంది.

చిన్నామె వచ్చి తెర మీది టైము చూసింది, గోడ గడియారం చూసింది. ముందురోజు సాయంత్రం పెందలాడే బయటపడొచ్చని పెద్దామె తన కంప్యూటర్లో టైము ముందుకు జరిపి పెట్టుకుంది. తన టైముతో కలవని కంప్యూటర్‌ని సర్వర్ నమ్మదు మరి. చిన్నామె చప్పుడు చేయకుండా టైము సరిచేసి, సూపరింటెండెంటు వైపు తిరిగింది.

"నాదే పొరపాటు సార్. అక్క కంప్యూటర్‌ని నేనే సరిగా కలపలేదు."

టైము వెనక్కి జరగడం పెద్దామె కళ్ళారా చూసింది. ఆయన కోప్పడలేదు సరికదా, తప్పు ఒప్పుకునేవాళ్ళు కరువైపోయారని చిన్నామెనే మెచ్చుకుని వెళ్ళాడు. నర్సులూ తలలూపారు.

సాయంత్రం ఇద్దరూ ఒకే స్కూటర్ మీద ఇంటికి బయల్దేరారు. వెనక కూర్చున్న పెద్దామె, తప్పు ఎందుకు నీ మీద వేసుకున్నావని అడిగింది.

"నలుగురిలో మీ మాట పోకూడదని, అక్కా."

ఆ మాటకి పెద్దామెకు ఏడుపే తన్నుకొచ్చింది.

"ఉన్నవన్నీ నువ్వే తీసుకున్నావు. నా తప్పైనా నాకు ఉంచకూడదుటే?"