గద్దగుంట

నాలుగేళ్ల కిందటి వేసవి. సాలూరు అవతల, కొండ అంచు ఊళ్లో పశువైద్యురాలిగా చేస్తున్నాను. గాలివాన వెలిసిన మర్నాడు పొద్దున్నే పైడమ్మ గంపతో వచ్చింది. నాటుకోళ్లు పెంచుతుంది; టీకాల కోసం తరచూ వచ్చే మనిషే. గంప మీది గుడ్డ తీస్తే కోడి లేదు. సగం ఈకలు వచ్చిన గద్ద పిల్ల. కుడి రెక్క వేలాడుతోంది.

"మద్దిసెట్టు కొమ్మ ఇరిగి గూడుతో పాటు పడిపోనాది డాకటరమ్మా. మెడ నులిమేయమన్నారు మావోళ్లంతా. పెద్దదైతే మన కోడిపిల్లల్నే తన్నుకుపోతాదట. నాకు సెయ్యి రాలేదు."

అంతవరకు నేను గద్దకు వైద్యం చేసి ఎరగను. ఎక్స్‌రే తీస్తే రెక్కలోని జంట ఎముకల్లో లావుది, అల్నా, విరిగింది. సన్నది నిలిచింది. అదే దానికి బద్దలా ఆసరా ఇస్తుంది గనక ఆశ ఉంది. రెక్కను మడిచి, ఎనిమిది అంకెలా చుట్టే ఫిగర్ ఆఫ్ ఎయిట్ బ్యాండేజ్ కట్టాను. ఫోన్ చేస్తే అటవీశాఖ బీట్ ఆఫీసర్ వచ్చారు. జుట్టుగద్ద అని గుర్తుపట్టి, నయమయ్యేదాకా ఆసుపత్రిలోనే ఉంచేందుకు అనుమతి తెప్పించారు.

కేసు షీటులో ఏం రాయాలని అడిగాను.

"గద్ద పిల్లని ఇంగ్లీషులో ఈగ్లెట్ అంటారు మేడం," అన్నారాయన.

పైడమ్మ ఊరుకోలేదు. "ఈగేటి బాబూ? అంత ముక్కున్నదాన్ని ఈగంటారేటి? గద్దగుంట అని రాయండమ్మా."

మా వైపు పిల్లల్ని గుంటలంటారు. అలాగే రాశాను. ఆ మాట ఊరంతా పాకింది. మెడ నులిమేయమన్నవాళ్లే "గద్దగుంట తింతన్నాదా?" అని అడగసాగారు. ఉత్త మాంసంతో ఎముక గట్టిపడదు, ఎముకలతో సహా తినే ఎలుకలు కావాలి, మందు పెట్టి చంపినవి మాత్రం వద్దన్నాను. బోన్లు పెట్టి వాళ్లే పట్టుకొచ్చారు.

మూడు వారాలకు ఎముక అతికింది, ఈకలూ నిండాయి. కట్టు విప్పి ఆవరణలో వదిలితే నాలుగుసార్లు రెక్క కొట్టి నేల మీద పడింది. కీలు బిగుసుకుపోయింది. ఇక ఎగరదనుకున్నాను.

"జూకి పంపేద్దాం పైడమ్మా."

"అక్కడ బతుకుతాది, ఎగరదు గదా! దాని తల్లి ఇంకా ఆ సెట్టుకాడే తిరుగుతన్నాది. నేను పట్టుకుంటాను, మీరు సెయ్యండి. ఇంకో పది రోజులు సూద్దాం."

రోజూ పొద్దున్న ఆమె దాని తలకు గుడ్డ కప్పి, కాళ్లు ఒడిసి పట్టుకునేది. నేను రెక్కను మెల్లగా చాపి, మడిచేదాన్ని. ఆమె ముంజేతుల నిండా గోళ్ల గీతలు. ఒక్క రోజు మానలేదు.

కీలు వదులయ్యాక, పదకొండో రోజు మద్దిచెట్టు దగ్గర వదిలాం. తూలింది, నేలకు జారింది, మళ్లీ లేచి పైకొమ్మ అందుకుంది. కదలకుండా నిలబడ్డాం. చాలాసేపటికి కొండవైపు నుంచి పెద్దగద్ద కూత వినిపించింది. పిల్ల బదులిచ్చింది. పెద్దది వచ్చి, కాళ్లలోని తొండను దాని ముందు పెట్టింది. పైడమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఎముక అతికితే నా పని అయిపోయిందనుకునేదాన్ని అంతవరకు. ఇప్పుడు దుక్కిటెద్దు కాలు నయమైతే, పొలానికి వెళ్లి అది నాగలి లాగడం చూశాకే కేసు షీటు మీద సంతకం పెడతాను.