దొర గుట్టకు రెండు రోజులు ఆలస్యం

ఆరేళ్ళుగా ఈ బరువు మోస్తున్నాను. భార్యకు చెప్పలేదు. నమాజు తర్వాత దువాలో కూడా దీన్ని దాటేసి మిగతావే అడుగుతాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

సౌదీలో, దమ్మామ్‌లో ఒక కంపెనీ ఆఫీసులో సెలవుల కాగితాలు చూస్తాను. అప్పట్లో వర్క్‌షాప్ మేనేజరు ఇంగ్లండు దొర. ఆయన టేబుల్ మీద వాళ్ళ ఊరి గుట్ట ఫోటో ఉండేది. గుట్టంటే గుట్టా కాదు. మా రాయచోటిలో అలాంటి దిబ్బకు పేరు పెట్టడం కూడా దండగ. పైన నాలుగు గొర్రెలు, చుట్టూ ఐదు పల్లెలు. ఏడాదికోసారి ఆ ఐదు పల్లెల జనమూ దాన్నెక్కి టీ తాగి దిగుతారట. దానికోసం ప్రతి ఏడూ సెలవు! హిమాలయాలు ఎక్కొచ్చినవాడిలా కబుర్లు. పైకి తలూపేవాణ్ణి, లోపల ఈసడించుకునేవాణ్ణి.

ఆ ఏడు పని ఎక్కువై ఆయనకు సెలవివ్వలేదు. సరిగ్గా ఆ గుట్ట ఎక్కే వారమే వచ్చి, అమ్మ చావుబతుకుల్లో ఉంది, ఎగ్జిట్ రీఎంట్రీ కావాలన్నాడు. అది లేనిదే దేశం దాటలేడు. నాకు పది నిమిషాల పని.

"సిస్టమ్ డౌన్ సార్" అన్నాను.

ఎందుకన్నాను? ఇక్కడ సెలవు కోసం మనవాళ్ళు ఆడే మొదటి అబద్ధం 'అమ్మ సీరియస్'. నేనే మా అమ్మను రెండుసార్లు ఆసుపత్రిలో చేర్పించాను. ఆమె అప్పుడు ఇంట్లో గోంగూర నూరుకుంటోంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చనే కదా.

మా ఊరివాడే, డ్రైవర్ మస్తాన్ వచ్చి అడిగాడు.

"అన్నా, దొరను ఎయిర్‌పోర్టులో ఎప్పుడు దింపాల?"

"ఎల్లుండి చూద్దాంలే. గుట్ట ఎక్కను పోతాండాడు, అంతే."

"అబద్ధం చెప్పేటోని కండ్లు కావన్నా అవి."

నవ్వాను. ఆ నవ్వే నాకిప్పుడు ఎక్కువ రోత.

రెండు రోజులూ దొర గంటకోసారి వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఒక్కసారీ గొంతు పెంచలేదు. మూడోనాడు పొద్దున కాగితం ఇచ్చాను. ఆయన విమానంలో ఉండగానే ఆ తల్లి పోయింది.

పొరబాటు పడ్డానా? అలా అనుకుంటే హాయిగానే ఉంటుంది. కానీ ఆ కళ్ళు మస్తాన్ కంటే ముందు నేనే చూశాను, నిజమేమో అనిపించింది కూడా, అనిపించినా కదల్లేదు, మట్టిదిబ్బ కోసం అంత మురిసేవాడు కాస్త ఏడిస్తే ఏం పోయిందిలే అనుకున్నాను. అంత నీచుణ్ణి.

తిరిగొచ్చి నాకు బిస్కెట్ల డబ్బా ఇచ్చాడు. "నీ చేతనైంది చేశావు, థాంక్స్" అన్నాడు. తీసుకున్నాను. తిన్నాను కూడా.

ఇప్పుడాయన రిటైరై వెళ్ళిపోయాడు. క్షమించమని రాయను. రాస్తే క్షమించేస్తాడు, ఆ రకం మనిషి. ఆయన్ను ఆపింది నేను. ఇన్నాళ్ళకు ఒక మనిషితో అన్నాను.