తెగని ఉయ్యాల చప్పుడు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను గుమ్మంలోంచే పంపించేసిన మనిషిని నేను. ఇది రాస్తున్నానంటే ఇప్పుడు నమ్ముతున్నానని కాదు. జరిగింది చెప్పకుండా ఉండలేక.

బడిలో చదివింది మూడో తరగతి వరకే. రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేయడం పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. అలా బాగుచేసిన రికార్డరులోనే, అగ్రికో కాలనీలోని మా క్వార్టర్లో, నా భార్య జోలపాట పట్టాను. పాట వెనకాల చీర ఉయ్యాల కొక్కెం కిర్రుకిర్రుమంటూ ఉంటుంది. అందులో మా పాప. ఏడాది నిండకుండానే పోయింది. ఫొటో కూడా లేదు. ఆ పాప బతికిందనడానికి ఆ కిర్రు చప్పుడొక్కటే నా దగ్గర ఉన్నది. తర్వాత భార్యా పోయింది.

మా మేనల్లుడు సంతోష్ గోవింద్‌పూర్‌లో డీజేలకు పాటలు తయారుచేస్తాడు. టేపు పాడవకముందే కంప్యూటర్లోకి ఎక్కిస్తానని పట్టుకెళ్లి, తిరిగి తెచ్చిచ్చాడు. వేసి విన్నాను. పాటా, కొక్కెం చప్పుడూ అన్నీ ఉన్నాయి.

కొన్నాళ్లకు సాక్చి బజారులో ఆటో ఎక్కితే, డ్రైవరు పెట్టిన డీజే పాటలో నా భార్య గొంతు! మాట పూర్తికాకుండానే తెగుతోంది, వెనకది ముందుకొస్తోంది, మీద డప్పుల మోత. అదే ఆటోను గోవింద్‌పూర్ తిప్పించాను.

"ఏట్రా ఇది? మీ అత్త గొంతుని బెండకాయల్లాగ తరిగీసినావేట్రా?" అన్నాను.

"గుస్సా మత్ కరో, మామా. శాంపుల్ ఐసే హీ కాట్‌తే హై," అన్నాడు. కోప్పడొద్దట, పాటలోకి తీసుకున్న ముక్కను ఇలాగే కోస్తారట.

చెరిపేయమన్నాను. వాడు కదల్లేదు. ముందు ఒకటి వినమని డప్పులు ఆపి, ఉత్త గొంతు ముక్కలు వినిపించాడు. వాటి వెనకాల ఉయ్యాల. ముక్కల్లో కాదు, ఏకధాటిగా. ముక్కకూ ముక్కకూ మధ్య ఖాళీ పెట్టినచోట కూడా ఊగుతూనే ఉంది. గొంతూ ఉయ్యాలా ఒకే టేపు మీదివి. ఒకటి కోస్తే రెండోదీ తెగి తీరాలి.

"ఇది నేను పెట్టనేదు మామా," అన్నాడు. "ఎంత కోసినా తెగట్నేదు."

నేను నమ్మలేదు. దొంగవేషాలు కట్టిపెట్టమని తిట్టాను. చేతిలో పని అయ్యాక చెరిపేస్తానని మాటిచ్చాడు.

ఇంటికొచ్చి క్యాసెట్టు వేశాను. నా భార్య గొంతు చెక్కుచెదరలేదు. కొక్కెం చప్పుడు లేదు. రికార్డరు హెడ్డు తుడిచాను. పక్కింటివాళ్ల రికార్డరు తెచ్చి వేశాను. లేదు. టేపు మీద కలిసి పడిన రెండు చప్పుళ్లలో ఒకటి చెరిగి ఒకటి మిగలడం నేనెరిగిన విద్యలో లేదు.

వాడికి ఫోన్ చేసి చెరపొద్దన్నాను.

"హాథ్ నహీ చలా, మామా," అన్నాడు. చెరపడానికి చెయ్యి రాలేదట.

కంప్యూటరు మాయ అని తేల్చేసే మేధావులు ముందు టేపు ఎలా పనిచేస్తుందో నేర్చుకుని నా దగ్గరికి రావాలి. ఆ డీజే పాటంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా నా పాప ఉయ్యాల వినాలంటే, వాడి గదిలో కూర్చుని, నా భార్య గొంతు తెగుతుంటే వింటూ ఉండాల్సిందే. ఆ చప్పుడు టేపును విడిచి వాడి కంప్యూటర్లోని ఆ ముక్కల్లోకి ఎలా వెళ్లిందో నాకు ఈ రోజుకీ తెలియదు.