కాగితం వెనక చెల్లు

మొండి బాకీలు కొనడం నా వ్యాపారం. ఇల్లో స్థలమో తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన ఆసామి, ఏళ్ల తరబడి తిరిగినా వసూలు కాక విసిగిపోతాడు. ఆ తనఖా దస్తావేజును సగానికో పావుకో వదిలించుకుందామని చూస్తాడు. దాన్ని నేను నా పేర బదిలీ చేయించుకుని, అసలూ వడ్డీ రాబట్టుకుంటాను. రాకపోతే కోర్టుకు వెళ్ళి ఆ ఇంటిని వేలానికి పెట్టిస్తాను. చట్టం ఒప్పుకునే పనే. ఎనభైలలో తెనాలి రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట ఒక దస్తావేజు లేఖరి దగ్గర రాతపని చేస్తూ ఈ దారి పట్టాను. ఎవరి కాగితం ఎవరి పెట్టెలో మూలుగుతోందో ఆ బల్ల దగ్గర కూర్చుంటే తెలిసేది. దుగ్గిరాలలో పసుపు వ్యాపారం చేసే మా మామగారు మొదటి పెట్టుబడి ఇచ్చారు.

తనఖా కాగితానికి కోర్టులో ఆయుష్షు పన్నెండేళ్లు. ఆ గడువు దాటితే అది చిత్తు కాగితం. అయితే ఈలోగా బాకీదారు ఎంతోకొంత కట్టి, ఆ సంగతి కాగితం వెనక రాసి సంతకం చేస్తే, ఆ రోజు నుంచి దానికి మళ్ళీ కొత్త ఆయుష్షు మొదలవుతుంది. పది రూపాయలు కట్టినా చాలు. అలా రాయడాన్ని చెల్లు వేయడం అంటాం. మామూలు జనానికి చెల్లు అంటే తీరిపోవడం. మాకు చెల్లు అంటే చచ్చిపోకుండా చూసుకోవడం. ఈ రెండు అర్థాల మధ్య సందులోనే నేను నందివెలుగు రోడ్డులో మేడ కట్టుకున్నాను.

బాపట్ల కాగితం నాకు రేపల్లెలో ఒక ముసలి ఆసామి దగ్గర దొరికింది. ఆయన అరుగు మీద కూర్చుని, నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

"ఏంటబ్బాయ్, పాత కాగితాలు కొంటున్నావంట? పాత సీసాలోడివేమో అనుకున్నా."

"సీసాలు కూడా ఉంటే ఇవ్వండి బాబాయ్, చూద్దాం."

"నా చెప్పులు తీసుకుపో. ఈ కాగితం ఎంట తిరిగే అరిగినయ్యి." నవ్వి, గొంతు తగ్గించాడు. "గడువు దగ్గరకొచ్చేసింది. అప్పు తీసుకున్న పంతులు పోయాడు. వాళ్లావిడ మంచిది. మంచోళ్లని గద్దించడం నా వల్ల కాదయ్యా."

ఆ చివరి మాటకే నేను ధర ఇంకాస్త తగ్గించి అడిగాను. మంచిది అంటే సంతకం చేస్తుంది అని నా లెక్క.

అప్పు చేసినాయన పిట్టలవానిపాలెం వైపు బడిపంతులుగా పనిచేసిన క్రైస్తవుడు. బాపట్లలో పెంకుటిల్లు తాకట్టు పెట్టి తన వైద్యానికే అప్పు తెచ్చుకుని, అసలు తీర్చకుండానే పోయాడు. ఆయన భార్య ఆ ఇంటి వరండాలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతూ బతుకుతోంది. పిల్లలు లేరు. ఆ ఇల్లు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. ఇదంతా వెళ్ళే ముందే తెలుసుకున్నాను. తెలుసుకోకుండా వెళ్ళడం మా పనిలో ఉండదు.

దస్తావేజు నా పేర మారగానే తెనాలిలో పాసింజరెక్కి బాపట్లలో దిగాను. నేను గుమ్మం దగ్గర చెప్పులు విడిచి "అక్కా" అని పిలిచాను. ఆమె మిషను ఆపి, మెడలోని టేపు తీసి, కుర్చీ తుడిచింది.

"కూర్చోండి తమ్ముడూ. ఎండనపడొచ్చారు. మజ్జిగ తాగుతారా?"

మజ్జిగ తాగాను. కాగితం ఇప్పుడు నా దగ్గరుందని చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"ఆయన పోయేముందు కూడా దీని గురించే అండి. రేపల్లె బాకీ, రేపల్లె బాకీ అని. నా దగ్గరేముంది తమ్ముడూ, ఈ మిషను తప్ప."

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి రాలేదక్కా. ఎంతోకొంత ఇవ్వండి. చెల్లు వేసుకుందాం."

"చెల్లంటే, చెల్లిపోద్దా?"

నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. "చెల్లేనండి," అన్నాను.

అబద్ధమాడానని ఏ కోర్టులోనూ ఎవరూ రుజువు చేయలేరు. ఆ ఒక్క ముక్కను నేను ముందే రైల్లో ఆలోచించి పెట్టుకున్నాను. ఆమె అలా అడుగుతుందని తెలుసు. ఆ కాగితాన్ని చదవడం వచ్చినవాళ్లంతా అలాగే అడిగేవారు, రానివాళ్లు అసలు అడిగేవారే కాదు.

ఆమె లోపలికెళ్ళి గుడ్డసంచీలోంచి యాభై రూపాయలు తెచ్చింది. "ఆదివారం గుడిలో కానుకకని పక్కన పెట్టానండి. పర్లేదు, దేవుడు ఆగుతాడు," అని నవ్వింది. నేను చెప్పిన వాక్యాన్ని పంతులుగారి భార్యకు తగ్గట్టు గుండ్రటి అక్షరాలతో కాగితం వెనక రాసి, సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊదింది. తర్వాత, నేను లేవబోతుంటే, "ఒక్క నిమిషం" అని కళ్ళు మూసుకుంది. ప్రార్థన చేసింది. ఇంతదూరం వచ్చి తమ బరువు దించిన ఈ తమ్ముణ్ణీ, ఈ తమ్ముడి భార్యాబిడ్డల్నీ చల్లగా చూడమని దేవుణ్ణి అడిగింది. నేను తలవంచుకుని నిలబడ్డాను. ఆమె కళ్ళు మూసుకుని ఉండగానే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

బాపట్ల కోర్టులో దావా వేశాను. సమను అందిన వారానికి ఆమె తెనాలి వచ్చి, మా ఇల్లు వెతుక్కుంది. నా మీద కోపంతో కాదు. కోర్టువాళ్లు పొరపాటు పడ్డారని చెప్పడానికి.

"చెల్లు రాసుకున్నాం కదా తమ్ముడూ. వాళ్లకి తెలీదేమో. మీరొకసారి కనపడి చెప్పండి."

మా ఆవిడ ఆమెకు అన్నం పెట్టింది. నేను, "చూద్దామండి, లాయరుతో మాట్లాడతాను" అంటూ బజారుకు పోయాను. వచ్చేసరికి ఆమె వెళ్ళిపోయింది. మా ఆవిడ గిన్నెలు సర్దుతూ అడిగింది.

"చెల్లంటే తీరిపోయిందనేగా?"

"వ్యవహారంలో అలా కాదులే."

"ఓహో. మరి వ్యవహారంలో అక్కంటే ఏంటో?"

మా ఆవిడ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి, నేను ఎవరినైనా అక్కా, బాబాయ్ అని పిలిస్తే నా వైపు చూసేది.

ఆమె సాక్ష్యం చెప్పాల్సిన రోజున కోర్టు వరండాలో ఆమె లాయరు ఆమెను గోడవార నిలబెట్టి నచ్చజెబుతున్నాడు. స్తంభానికి ఇవతల నేను వింటున్నాను.

"ఒక్కటే మాటమ్మా. ఆ సంతకం నాది కాదనండి. ఆ చెల్లు లేకపోతే కాగితం గడువు దాటినట్టే. ఇల్లు మీకు మిగుల్తుంది."

"నా సంతకమే కదండీ."

"మీదేనని నాకూ తెలుసమ్మా. కాదనమంటున్నాను."

ఆమె బోనెక్కి ప్రమాణం చేసింది. మా లాయరు కాగితం తిప్పి చూపించి, ఈ సంతకం ఎవరిదని అడిగాడు. ఆమె కాగితాన్ని కాసేపు చూసింది. తను ఊది ఆరబెట్టిన అక్షరాలే. ఆ క్షణంలో ఆమె అబద్ధమాడితే బాగుండునని నేను కోరుకున్నానని రాయగలిగితే నాకు కాస్త ఊరటగా ఉండేది. కోరుకోలేదు. కాదంటుందేమోనని భయపడ్డాను.

"నాదేనండి," అంది.

"రాసిందెవరు?"

"నేనేనండి. తమ్ముడు చెల్లు అని రాయమన్నారు, రాశాను."

తమ్ముడంటే ఎవరని జడ్జిగారు అడిగారు. ఆమె నా వైపు చూపించింది. కోర్టులో ఎవరో కిసుక్కున నవ్వారు.

డిక్రీ నాకే వచ్చింది. ఇల్లు వేలానికి వచ్చినప్పుడు కోర్టు అనుమతితో నేనే పాట పాడి దక్కించుకున్నాను. కొద్ది రోజుల్లోనే చీరాల బట్టల వ్యాపారి ఒకాయనకు మంచి లాభానికి అమ్మాను. ఆమె మిషను రిక్షాలో ఎక్కించుకుని వెళ్ళిపోయిందని ఆ వీధివాళ్లు చెప్పారు. ఇల్లు ఖాళీ చేసే ముందు కడిగి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చిందట.

కొన్నేళ్ల తర్వాత, తొంభైలలో, పని మీద రేపల్లె వెళ్ళినప్పుడు ఆమె అక్కడే ఒక వరండా అద్దెకు తీసుకుని కుడుతోందని తెలిసింది. తెలిశాక నిమ్మళంగా ఉండలేకపోయాను. బాపట్ల ఇంటి మీద మిగిలిన లాభం లెక్కగట్టి, అందులో సగం కవరులో పెట్టుకున్నాను. సగమే. మిగతా సగానికి ఖర్చులూ తిరుగుడూ ఉన్నాయని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆమె నన్ను గుర్తుపట్టింది. మిషను ఆపింది, కుర్చీ చూపించింది. జుట్టు తెల్లబడింది. నేను కూర్చోకుండానే కవరు మిషను బల్ల మీద పెట్టి, "తప్పయిపోయిందక్కా" అన్నాను.

ఆమె కవరు తెరిచి, లోపలికి చూసి, అందులోంచి ఒక యాభై కాగితం బయటికి లాగింది.

"ఇది గుడిదండి. ఆ ఆదివారం ఇవ్వలేకపోయాను. అది నాకు అలా ఉండిపోయింది," అంది. కవరు నా వైపు నెట్టింది. "మిగతాది మీదే తమ్ముడూ. కోర్టే చెప్పింది కదా."

ఎత్తిపొడుపో, మామూలుగా అన్నదో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ముఖంలోకి చూస్తే తెలిసేదేమో, చూడలేదు. "ఆ ఇల్లు…" అని మొదలుపెట్టాను. ఆమె అప్పటికే జాకెట్టు ముక్కను సూది కిందికి జరిపింది. మిషను చప్పుడులో నా మాట నాకే వినపడలేదు.

కవరు జేబులో పెట్టుకుని తెనాలి రైలెక్కాను. కొన్నాళ్లు అది బీరువాలో అలాగే ఉంది. అనాథాశ్రమానికి ఇద్దామనుకున్నాను, బాపట్ల గుడికే పంపిద్దామనుకున్నాను. చివరికి మంచి తనఖా ఒకటి చవగ్గా వస్తే, చేతికందిన డబ్బు అదే కనక అందులో పెట్టాను. ఆ కాగితానికీ గడువు దగ్గర పడింది. చెల్లు వేయించుకోవాలి.

నేను వెళ్ళలేదు. అప్పటి నుంచి చెల్లు వేయించుకోవడానికి ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. గుమాస్తాను పంపేవాణ్ణి. గడప దగ్గర ఏమని పిలవాలో, ఏం అడిగితే ఏం చెప్పాలో అంతా నేనే నేర్పాను.